అమ్మీ ఉమ్రాకి పోలేదు

పోయిన జుమా నమాజ్ తర్వాత లాలాగూడలో ఒక ఇంటికి తాజియత్‌కి వెళ్లాను. ఆ ఇంటి పెద్దామె ఇంతెఖాలై అప్పటికి నాలుగు రోజులు. మగవాళ్లం గుమ్మం ముందు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. లోపల ఆడవాళ్లు ఖురాన్ చదువుతున్నారు. అంతలో పక్కింటి గేటు తీసుకుని ఒక అమ్మాయి వచ్చింది. అమ్మాయి అంటున్నాను గానీ ముప్పై దాటి ఉంటాయి. డౌన్ సిండ్రోమ్. చేతిలో చాయ్ గ్లాసు. "దాదీ కీ చాయ్" అంటూ లోపలికి పోబోయింది. ఎవరో చెయ్యి పట్టుకుని మళ్లీ పక్కింటికే తీసుకుపోయారు.

ఆమె తండ్రి నా వైపు చూసి మెల్లగా అన్నాడు: "చెప్పలేదు భాయ్. దాదీ ఊరికి పోయిందన్నాం. మాసూం బచ్చీ. ఆమెకేం సమజైతది?"

నేను తలూపాను. దుఆ చేసి, చాయ్ తాగి, ఇంటికొచ్చేశాను. రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ అబద్ధం నాకు కొత్త కాదు. మూడేళ్ల కింద అట్లాంటిదే ఒకటి మా ఖాలా ఇంట్లో నేనే చెప్పాను.

అందుకే ఇది రాస్తున్నా. చదివి కొందరికి గుస్సా వస్తుంది. రానీయండి.

మా ఖాలా కొడుక్కి అప్పుడు 41 ఏళ్లు. ఇంట్లో అందరం మున్నా అంటాం. గడ్డం నెరిసిన మనిషిని మున్నా అనడంలోనే మన తప్పు సగం ఉంది, దాని సంగతి తర్వాత. మున్నాది పుట్టుకతో బుద్ధిమాంద్యం. మాటలు కొన్నే. కానీ పాల ప్యాకెట్ తెస్తాడు, పది రూపాయల నోటుకీ వంద నోటుకీ తేడా చెప్తాడు, అజాన్ వినిపిస్తే టీవీ సౌండ్ తగ్గిస్తాడు. ఖాలూ రైల్వేలో చేసి రిటైరై పోయారు. అప్పుడు మున్నాని రెండు నెలలు కాజీపేటలో ఫుఫూ ఇంట్లో పెట్టారు. తిరిగొచ్చేసరికి అబ్బా మంచం ఇంట్లో లేదు. ఎవరూ ఏమీ చెప్పలేదు. వాడూ అడగలేదు. "చూశావా, మర్చిపోయిండు" అనుకున్నాం.

మూడేళ్ల కింద షాబాన్ నెలలో, ఫజర్‌కి ముందు, ఖాలా గుండె ఆగిపోయింది. మున్నా పక్క గదిలో నిద్రపోతున్నాడు. మేమందరం చేరాక పెద్దల నోట మొదట వచ్చిన మాట "మున్నాని ఏం చేద్దాం?" మున్నాకి ఏం చెబుదాం అని కాదు. ఏం చేద్దాం. ఇంట్లో అడ్డమొచ్చిన మంచం గురించి అడిగినట్టు. లేపి, చాయ్ బిస్కెట్ ఇచ్చి, వెనక వీధిలో తెలిసినవాళ్లింట్లో టీవీ ముందు కూర్చోబెట్టాం.

జొహర్‌కి ముందు మస్జిద్ మైకులో ఏలాన్ వచ్చింది. మనవాళ్లు ఆడవాళ్ల పేరు మైకులో చెప్పరు కదా. ఫలానా మర్హూం గారి అహ్లియా ఇంతెఖాల్ చేశారు, జనాజా నమాజ్ ఫలానా టైముకి అన్నారు. మున్నాకి అర్థమైంది ఒక్కటే, అబ్బా పేరు. "అబ్బా కా నామ్! అబ్బా కా నామ్!" అని చప్పట్లు కొట్టాడంట. తన తల్లి మరణవార్తకి చప్పట్లు కొట్టించిన ఖాందాన్ మాది.

గుస్ల్ అయ్యింది, కఫన్ అయ్యింది. అందరూ ఆఖ్రీ దీదార్ చేసుకున్నారు. ఎప్పుడో ఒక ఈద్‌కి మాత్రమే కనిపించే దూరపు చుట్టాలు కూడా వచ్చి ముఖం చూసి పోయారు. కడుపున పుట్టిన కొడుకు రెండు వీధుల అవతల కార్టూన్ చూస్తున్నాడు.

సాయంత్రం ఇంటికి తెచ్చాం. "అమ్మీ కహాఁ?" అన్నాడు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను చెప్పాను: "అమ్మీ ఉమ్రాకు గయే." షాబాన్ కాబట్టి రంజాన్ ఉమ్రాకి రోజూ ఎవరో ఒకరు పోతూనే ఉన్నారు. మాట అతికింది. వాడు ముఖం విప్పారి "మాషా అల్లాహ్" అన్నాడు. వాడి అక్క, మా ఆపా, నన్ను పక్కకి పిలిచి కళ్లు తుడుచుకుంటూ "అల్లాహ్ నీకు జజా ఇవ్వని" అంది. అబద్ధానికి జజా.

తర్వాత జరిగింది వినండి. వాడు రోజూ ఖాలా చెప్పులు తుడిచి గుమ్మం దగ్గర పెట్టేవాడు. మొహల్లాలో ఎవరు ఉమ్రా నుంచి వచ్చినా, జమ్‌జమ్, ఖజూర్ పంచుతుంటే, వాడు ఖజూర్ తీసుకోకుండా "అమ్మీ దిఖే క్యా?" అని అడిగేవాడు. రంజాన్ అయిపోయింది. ఈద్ నాడు స్నానానికి లేవలేదు. బక్రీద్ అయ్యింది. అన్నం తగ్గించాడు. రాత్రిళ్లు తల గోడకేసి కొట్టుకోవడం మొదలుపెట్టాడు. ఒక డాక్టర్ నిద్రమాత్ర రాశాడు. ఒక బంధువు ఆమిల్ దగ్గరికి తీసుకుపోయి, అసర్ ఉందని తావీజు కట్టించుకొచ్చాడు. మాత్ర, తావీజు రెండూ అయ్యాయి. తల్లి పోయిన మనిషి ఏడవాలి కదా అని మాలో ఒక్కరికీ తోచలేదు.

తర్వాత వాడి ప్రశ్న మారింది. "మేరేకు కైకు నై లేగయే?" నన్నెందుకు తీసుకుపోలేదు. ఇంకొన్నాళ్లకి: "అమ్మీ గుస్సా హై క్యా?"

ఇక్కడ ఆగి ఆలోచించండి. మేం వాడిని గమ్ నుంచి కాపాడామనుకున్నాం. గమ్ ఎక్కడికీ పోలేదు. దాని కారణాన్ని మాత్రం వాడికి దొరక్కుండా దాచాం. అమ్మీ చనిపోయిందంటే అది అల్లాహ్ మర్జీ, ఎవరి తప్పూ కాదు. అమ్మీ బతికే ఉండి రాలేదంటే, అది మున్నా ఏదో తప్పు చేసినందుకే. వాడు ఎనిమిది నెలలు అదే వెతుక్కున్నాడు, తాను చేసిన తప్పేంటో.

ఖాలాకి వచ్చే ఫ్యామిలీ పెన్షన్ ఆమె తర్వాత మున్నాకి రావాలి. వైకల్యం వల్ల సంపాదించుకోలేని సంతానానికి రైల్వేలో జీవితాంతం ఇస్తారు. ఆ కాగితాల కోసం వాడిని ఫోటో స్టూడియోకి తీసుకుపోయాను. నా బ్యాగులో ఖాలా డెత్ సర్టిఫికెట్ ఉంది. కుర్చీలో కూర్చుని, టోపీ సర్దుకుని, నెలల తర్వాత మొదటిసారి నవ్వాడు. ఫోటో తీసే కుర్రాడితో అన్నాడు: "ఉమ్రా. మై భీ." పాస్‌పోర్ట్ ఫోటో అనుకున్నాడు. అమ్మీ దగ్గరికి పోతున్నా అనుకున్నాడు.

ఆ వారమే జుమేరాత్ నాడు ఆపానీ కూర్చోబెట్టుకుని చెప్పాను. "మున్నా, మై ఝూట్ బోల్యా. అమ్మీ ఉమ్రాకు నై గయే. అమ్మీ మర్ గయే." ఆ మాటకి ఆపా చెవులు మూసుకుంది. మున్నా చాలాసేపు చూశాడు. "బక్రే కే జైసా?" అన్నాడు. ప్రతి బక్రీద్‌కీ మేకకి ఆకులు మేపేది వాడే. పొద్దున మేసిన మేక మళ్లీ లేవదని వాడికి ఎప్పట్నుంచో తెలుసు. "హౌ" అన్నాను. అప్పుడడిగాడు: "కౌన్ కాటే?" ఎవరు కోశారు?

నా దగ్గర జవాబు తయారుగా లేదు. వాడి చెయ్యి తీసి నా ఛాతీ మీద పెట్టుకున్నాను. ఇది కొట్టుకుంటోంది కదా, అమ్మీది ఆగిపోయింది, ఎవరూ కోయలేదు, నువ్వేం చేయలేదు, అమ్మీకి నీ మీద గుస్సా లేదు అన్నాను. వాడు చెయ్యి తీయలేదు.

అస్ర్ తర్వాత ఖబరస్తాన్‌కి తీసుకుపోయాం. మిట్టీ ఇవ్వమన్నాం. మూడు గుప్పిళ్లతో ఆగలేదు, రెండు చేతులతో తోస్తూనే ఉన్నాడు. ఆపలేదు మేం. ఇంటికి వచ్చే దారిలో "అమ్మీ కబ్ ఆతే?" అన్నాడు. మళ్లీ చెప్పాను. మర్నాడు మళ్లీ. నెలరోజులు రోజుకి నాలుగుసార్లు చెప్పి ఉంటాం. తల కొట్టుకోవడం ఒక్కరోజులో పోలేదు. కానీ ఏడవడం మొదలుపెట్టాడు, కన్నీళ్లతో, మనందరిలాగా. "గుస్సా హై క్యా" అనే ప్రశ్న మాత్రం ఆ జుమేరాత్ తర్వాత మళ్లీ రాలేదు.

ఇప్పుడు మన బహానాల సంగతి చూద్దాం.

మొదటిది: "వాళ్లకేం సమజైతది." నలభై ఏళ్ల మనిషికి నాలుగేళ్ల బుద్ధి అంటాం. సరే, మన ఇళ్లలో నాలుగేళ్ల పిల్లలకి ఖబర్ అజాబ్ గురించి, జహన్నం మంటల గురించి భయపెట్టి మరీ చెప్తాం కదా? వాళ్లకి సమజయ్యేది వీళ్లకి కాదా? పైగా ఈ మనిషి నలభై ఏళ్లు బతికాడు. నలభై బక్రీద్‌లు చూశాడు. చావు అనేది ఒక్కసారిగా మింగాల్సిన మాట కాదు. అందులో ముక్కలున్నాయి: ఒళ్లు పనిచేయదు, తిరిగి రారు, అందరికీ వస్తుంది, నీ తప్పు కాదు. ఒక్కో ముక్క ఒక్కో రోజు చెప్పొచ్చు. మన సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది. అప్పుడు ఎన్.ఐ.ఎం.హెచ్. అనేవాళ్లు, ఇప్పుడు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. మున్నా చిన్నప్పుడు అక్కడికే పోయేవాడు. చొక్కా గుండీ పెట్టుకోవడాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి నేర్పేవాళ్లు. ఖాలా ఇంట్లో అట్లాగే ఓపికగా నేర్పింది. గుండీకి పెట్టిన ఓపిక మౌత్‌కి పెట్టలేమా?

ఇంగ్లండ్‌లో షీలా హాలిన్స్, లెస్టర్ సిరెలింగ్ అనే ఇద్దరు డాక్టర్లు 1989లోనే అక్షరం లేని బొమ్మల పుస్తకాలు తెచ్చారు. నాన్న చనిపోతే ఏం జరుగుతుంది, అమ్మ చనిపోతే ఏం జరుగుతుంది అని చదవడం రానివాళ్లకి చూపించడానికి. 1991లో మౌరీన్ ఆస్విన్ అనే ఆమె ఇట్లాంటివాళ్ల దుఃఖం గురించి ఒక పుస్తకం రాసింది. దాని పేరుకి అర్థం: నేను ఏడవొచ్చా? మన మున్నాలు ఆ ఇజాజత్ కూడా అడగలేరు. మనమే ఇవ్వాలి.

రెండోది: "ఏడ్చి గోల చేస్తారు." చేయనీ. మయ్యత్ ఇంట్లో ఏడవకపోతే ఎక్కడ ఏడుస్తారు? పసికందు ఇబ్రాహీం పోయినప్పుడు ప్రవక్త (స) కళ్ల వెంట నీళ్లు కారాయి. చూసి ఆశ్చర్యపోయిన సహాబీకి అది రహ్మత్ అని చెప్పారు. ఏడుపుకి భయపడి జనాజా నుంచి కొడుకుని దాచిపెట్టమని మనకి ఎవరు నేర్పారు?

మూడోది కొంచెం షరీఫ్ బహానా: "ఆ మాట నోటితో ఎట్లా అంటాం?" నేను చదివింది ఉర్దూ మీడియం, డిగ్రీ తెలుగు. ఈ రెండు భాషల్లో చావుకి ఉన్నన్ని ముసుగులు దేనికీ లేవు. ఇంతెఖాల్ అంటే ఒక చోటు నుంచి ఇంకో చోటుకి మారడం. గుజర్ గయే అంటే దాటిపోయారు. పర్దా కర్ గయే అంటే తెర వేసుకున్నారు. తెలుగులో పోయారు, కాలం చేశారు, వెళ్లిపోయారు. మనకి ఇదంతా అదబ్. మాటని మాటగానే తీసుకునే మనిషికి ఇది అయోమయం. పోయింది అంటే ఎక్కడికి? వెళ్లింది అంటే ఎప్పుడొస్తుంది? తల్లిని "మర్ గయే" అంటే మనకి బే అదబీ. కానీ మున్నాకి దారి చూపిన మాట అదొక్కటే.

బే అదబీ అనేవాళ్లు హిజ్రీ 11వ సంవత్సరం మదీనా గుర్తు చేసుకోండి. ప్రవక్త (స) ఈ లోకం విడిచిన రోజు హజ్రత్ ఉమర్ (రజి) అంతటి మనిషి నమ్మలేకపోయారు. మూసా (అలై) నలభై రాత్రులు రబ్ దగ్గరికి పోయి తిరిగొచ్చినట్టే ఈయనా వస్తారన్నారని సీరత్ కితాబుల్లో ఉంది. అంటే ఆ రోజు ఉమర్ (రజి) నోట దుఃఖం కొద్దీ వచ్చిన మాటే మేం మున్నాకి తెలిసి తెలిసి చెప్పాం: పోయారు, వస్తారు. అప్పుడు అబూబకర్ (రజి) వచ్చారు. ముఖం మీది గుడ్డ తీసి, ముద్దు పెట్టుకుని, ఏడ్చారు. బయటికొచ్చి మరణించారనే మాటని ఏ ముసుగూ లేకుండా జనం ముందు చెప్పారు. ఉమర్ (రజి) కాళ్లలో సత్తువ పోయి కూలబడ్డారు. ఆ రోజు ఉమ్మత్‌ని నిలబెట్టింది ఆ సూటి మాట. అంత పెద్ద మౌత్‌కి ఆ మాట బే అదబీ కాలేదు. మన అమ్మీలకి అవుతుందా?

నాలుగోది మౌల్వీ సాబ్‌ల దగ్గర వినిపిస్తుంది: "వాళ్ల మీద ఏ ఫర్జూ లేదు, హిసాబ్ లేదు, నేరుగా జన్నతీలు." ఒప్పుకుంటాను. కలం ఎత్తివేయబడిన ముగ్గురి హదీస్ అందరికీ తెలుసు. కానీ కలం ఎత్తేశారంటే వాళ్ల మీద గునాహ్ రాయరని. వాళ్ల హఖ్‌లు కొట్టేశారని కాదు. ఖాలా పోయాక పదిరోజుల్లో ఇంటి హిస్సాల మాట వచ్చింది. షరీయత్ ప్రకారం మున్నాకి రెండు వంతులు, ఆపాకి ఒక వంతు. వాడి సమజ్ తక్కువని హిస్సా తగ్గలేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద వాడికి గార్డియన్‌ని పెట్టడానికి కలెక్టర్ అధ్యక్షుడిగా ఉండే కమిటీకి అర్జీ రాశాం. 2016 చట్టం వికలాంగులకి అందరితో సమానంగా చట్టబద్ధమైన హక్కులున్నాయంటుంది. షరీయత్‌కీ సర్కారుకీ మున్నా పూర్తి మనిషే. విరాసత్‌లో హిస్సాదారు. మిట్టీ ఇవ్వడంలో మాత్రం కాదు. ఇది ఎక్కడి ఇన్సాఫ్?

మస్జిద్ నబవీ ఊడ్చే ఒక పేదామె హదీస్ కూడా మనం చిన్నప్పట్నుంచీ వింటున్నదే. ఆమె చనిపోతే, చిన్న మనిషే కదా అని సహాబాలు ప్రవక్త (స)కి చెప్పకుండానే దఫన్ చేశారు. ఆయన కనుక్కుని, నాకెందుకు చెప్పలేదని అడిగారు. ఖబర్ చూపించమని, అక్కడికే పోయి నమాజ్ చదివారు. బుద్ధి కొంచెం తేడాగా ఉన్న ఒకామె వచ్చి మీతో పనుందంటే, ఏ వీధిలో నిలబడమంటావో నువ్వే చెప్పు అని ఆమె వెంట పోయి మాట పూర్తయ్యేదాకా విన్నారని సహీ ముస్లింలో ఉంది. ఈ సున్నత్ గురించి ఖుత్బా ఎప్పుడైనా విన్నారా? నేను వినలేదు.

ఇంకో మాట. 1983లో డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ల సగటు ఆయుష్షు అమెరికాలోనే 25 ఏళ్లు. ఇప్పుడు 60. ఒకప్పుడు "నా తర్వాత వీడి గతేంటి" అని ఏడ్చిన తల్లి చేతుల్లోనే బిడ్డ పోయేది. ఇప్పుడు చాలా ఇళ్లలో తల్లీతండ్రీ ముందు పోతారు, బిడ్డ మిగులుతుంది. అంటే మీరు పోయిన రోజు మీ బిడ్డకి ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్తారు. ఉమ్రా అనో, ఊరనో. ఆ మాట మీ మీద పడే తోహ్‌మత్ అని గుర్తుంచుకోండి: బిడ్డని వదిలేసి పోయిందని. ఒకరోజు రోగం వాళ్లకే వస్తుంది. అప్పుడు డాక్టర్ మంచం మీదున్న మనిషిని వదిలి పక్కన నిలబడ్డ అన్నతో మాట్లాడతాడు. తన ఒంట్లో ఏం జరుగుతోందో తనకే తెలియకుండా ఆ మనిషి భయపడుతూ పోతాడు. తల్లి మౌత్ గురించి చెప్పని ఇల్లు అతని మౌత్ గురించి అతనికి ఏం చెప్తుంది?

కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టండి. పక్కింటి ముసలాయన పోతే జనాజాకి వెంట తీసుకుపోండి. షబే బరాత్‌కి మీరు ఖబరస్తాన్‌కి పోతారు కదా, బిద్‌అతా కాదా అనే బహస్ తర్వాత పెట్టుకోండి, పోయేటప్పుడు వాళ్ల చెయ్యి పట్టుకుని పోండి. ఇది దాదా ఖబర్, దాదా చనిపోయారు, లేవరు, మనం దుఆ చేద్దాం అని చెప్పండి. రోగం ఉంటే దాచకండి, అమ్మీకి బాగాలేదు అనండి. మయ్యత్ అయిన రోజు ముఖం చూపించండి, చల్లగా ఉన్న చెయ్యి తాకనీయండి, మగవాడైతే భుజం పట్టనీయండి. చెప్పింది మళ్లీ మళ్లీ అడిగితే మళ్లీ మళ్లీ చెప్పండి. ఇమాం సాబ్‌లూ, ఏలాన్ చేసేముందు ఆ ఇంటివాళ్లని ఒక్క మాట అడగండి: ఇంట్లో అందరికీ చెప్పారా?

సులువని చెప్పను. మున్నా నన్ను పూర్తిగా మాఫ్ చేయలేదు. మొన్న ఆఫీసు పని మీద ఢిల్లీ పోతున్నా అంటే నా ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసి "మర్ జాతే క్యా?" అని అడిగాడు. కాదు మున్నా, ఆదివారం వస్తా అన్నాను. ఆదివారం వచ్చేదాకా నమ్మలేదు. ఒక అబద్ధం చెప్పినవాడు ఎన్ని ఆదివారాలు రావాలో అల్లాహ్‌కే తెలుసు.

లాలాగూడ ఇంట్లో చెహ్లుం ఇంకా కాలేదు. ఆ అమ్మాయి రోజూ చాయ్ గ్లాసు పట్టుకుని వస్తూనే ఉంటుంది. రేపు మగ్‌రిబ్ తర్వాత ఆ తండ్రి దగ్గరికి మళ్లీ పోతున్నా. ఈసారి తలూపను.